గోరుచుట్టే కదా అనుకోకండి!

మన ఆడవాళ్ళ పాదాలకి జరిగే మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. పెళ్ళికి పారాణి, పేరంటానికి పసుపు, ఆషాఢంలో గోరింటాకు. శ్రావణమాసంలో నోము పట్టినప్పుడు ముత్తైదువ కాళ్ళకు పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటాం. అదే పాదం మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో ఒక్కసారి చూసుకోండి. తెల్లవారుజామున వాకిలి కడిగింది మొదలు రాత్రి వంటిల్లు తుడిచి దీపం ఆర్పేదాకా తడిలోనే నానుతూ ఉంటుంది. మడమలు పగిలి చీరకుచ్చిళ్ళు పట్టేస్తున్నా, వేళ్ళ సందుల్లో తెల్లగా ఒరిసి దురద పెడుతున్నా, "ఆఁ, కాలే కదా" అని ఊరుకుంటాం. ముఖం మీద చిన్న మొటిమ వస్తే పదిసార్లు అద్దం చూసుకునే మనం, అరికాలు చూసుకుని ఎన్నాళ్ళయిందో చెప్పమంటే చెప్పలేం.

ఇప్పుడు చిన్న ఊళ్ళకి కూడా బ్యూటీ పార్లర్లు వచ్చాయి. పెళ్ళికూతురికే కాదు, పెళ్ళికూతురి అమ్మకీ, అత్తకీ, పిన్నికీ పెడిక్యూర్ చేయించడం వాడుకైపోయింది. నేను పార్లర్లకి వ్యతిరేకిని కానండోయ్. ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసే మనిషి అరగంట కుర్చీలో కూర్చుని, తన కాళ్ళు ఇంకొకరు కడుగుతుంటే హాయిగా కళ్ళు మూసుకోవడంలో తప్పేముంది? కాకపోతే ఆ నీళ్ళు ఎవరు వాడినవి, ఆ కత్తెర అంతకుముందు ఎవరి గోటికి తగిలింది, మన కాలికి అది పనికొస్తుందా లేదా అన్నవి మాత్రం తెలుసుకుని కూర్చోవాలి. ఎందుకంటున్నానో మా ఇంట్లో జరిగిన సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

మా వారి అక్కగారు, అంటే మా వదినగారికి యాభై ఎనిమిదేళ్ళు. పద్నాలుగేళ్ళుగా షుగర్ ఉంది. ఆవిడ సంగతి ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. "రాయి మరదలా, నాలాంటి వాళ్ళు నలుగురు చదివితే మంచిదేగా" అన్నారు. కొడుకు పెళ్ళికి రెండు రోజుల ముందు కూతురు ముచ్చటపడి తల్లిని దగ్గరలో ఉన్న పార్లర్‌కి తీసుకెళ్ళింది. వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టారు. మడమల దగ్గర గట్టిపడిన చర్మం బ్లేడుతో గీశారు. మెట్టె పెట్టుకునే వేలి గోరు కాస్త లోపలికి పెరిగి ఉంటే, మూలల్లోకి పుల్ల పోనిచ్చి తవ్వి తీశారు. చిన్న రక్తపు చుక్క వచ్చింది, దూదితో అద్దారు. పెళ్ళిలో ఆవిడ పాదాలు చూసి చుట్టాలంతా మెచ్చుకున్నారు కూడా.

మూడోనాటికి గోరు పక్కన ఎర్రబడి కాస్త వాచింది. గోరుచుట్టు అన్నారు. నొప్పి ఏమీ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. సత్యనారాయణ వ్రతం, అప్పగింతలు, సారె పంపకాలు, ఇంటినిండా జనం. ఎవరో నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడిగారు. ఇంకెవరో కాఫీపొడి అద్దమన్నారు. తొమ్మిదో రోజున మా అన్నయ్యగారు, అదే వదినగారి భర్త, మంచం దగ్గర ఏదో వాసన వస్తోందని కాలు పట్టి చూశారు. వేలు నల్లబడింది, వాపు చీలమండ దాకా పాకింది. ఆసుపత్రిలో చూస్తే షుగర్ 380. చీము ఎముక దాకా వెళ్ళిందన్నారు. బిగుసుకుపోయిన వెండి మెట్టెని కత్తిరించి తీశారు. మర్నాడు ఆ వేలు తీసేశారు. మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉన్నారు.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మెట్టె ఇప్పుడు ఏ వేలికి పెట్టుకోవాలే?" అని. మేమెవరం జవాబు చెప్పలేకపోయాం. ఆ కాలికి బిగుతైనదేదీ పెట్టవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ విరిగిన మెట్టెని దేవుడి మందసంలో పసుపు గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు వదినగారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు మన పెద్దలు. షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం వేరే రోకటిపోటు అక్కర్లేదు, ఆ గోరుచుట్టే చాలు.

నొప్పి లేకపోవడమే ప్రమాదం

"అంత పుండైతే ఆవిడకి తెలియలేదా?" అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. డాక్టరుగారు వివరంగా చెప్పారు. షుగర్ చాలాకాలం ఉంటే, అందులోనూ అదుపులో లేకపోతే, కాళ్ళకి వెళ్ళే నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా, వేడి తగిలినా తెలియదు. కాళ్ళకి వెళ్ళే రక్తనాళాలు సన్నబడి రక్తం సరిగా అందదు. రక్తం అందకపోతే గాయం మానదు, వేసుకున్న మందూ అక్కడికి సరిగా చేరదు. పైగా చక్కెర ఎక్కువగా ఉన్న ఒంట్లో క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఈ మూడూ కలిస్తే చిన్న గీత కాస్తా పెద్ద పుండవుతుంది.

ఈ నొప్పి విషయం మన పక్క రాష్ట్రంలోనే తేటతెల్లమైంది. డాక్టర్ పాల్ బ్రాండ్ అనే ఆయన 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి కుష్ఠువ్యాధి ఉన్నవారి చేతులకీ కాళ్ళకీ ఆపరేషన్లు చేశారు. ఆ రోగుల వేళ్ళు జబ్బు వల్ల వాటంతటవే ఊడిపోతాయని అంతా అనుకునే రోజులవి. స్పర్శ లేకపోవడంతో తగిలిన దెబ్బ తెలియక, ఆ గాయం మీదే నడిచి, కాల్చుకుని, కోసుకుని పోగొట్టుకుంటున్నారని ఆయన చూపించారు. స్పర్శ పోయిన పాదానికి మెత్తటి రబ్బరు చెప్పులు ఎంత అవసరమో కూడా అలాంటి చోట్ల జరిగిన పనివల్లే తెలిసింది. ఎం.సి.ఆర్. చెప్పులని ఇప్పుడు షుగర్ ఉన్నవారికి డాక్టర్లు రాసిచ్చేవి ఆ కోవలోవే. నొప్పి అంటే మనకి విసుగు గానీ, ఇంటికి కాపలాకుక్క లాంటిది అది. అరిస్తేనే కదా దొంగ వచ్చాడని తెలిసేది!

మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లకు పైనే అని భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో చెప్పింది. అంటే మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లో తప్పకుండా ఒకరుంటారు. కొందరికి ఉన్నట్టు కూడా తెలియదు. అందుకే నలభై దాటినవారు ఎవరైనా పెడిక్యూర్ కుర్చీలో కూర్చోబోయే ముందు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్నవారికీ తప్పదు జాగ్రత్త

"నాకు షుగర్ లేదుగా, నాకేం భయం?" అనుకునే అక్కచెల్లెళ్ళకి ఇంకో సంగతి. 2000 సంవత్సరంలో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని వాట్సన్‌విల్ అనే ఊళ్ళో ఒకే సెలూన్‌లో కాళ్ళు కడిగించుకున్న నూరుమందికి పైగా ఆడవాళ్ళకి మోకాళ్ళ కింద సెగగడ్డల్లాంటి పుండ్లు లేచాయి. నెలల తరబడి మానలేదు, మానాక మచ్చలు మిగిలాయి. అధికారులు వెళ్ళి చూస్తే, నీళ్ళు గిర్రున తిరిగే ఆ కాళ్ళ తొట్టెల్లో నీరు పీల్చుకునే జాలీ వెనక వెంట్రుకలూ, చర్మపు మట్టీ పేరుకుని ఉన్నాయి. ఆ మురికిలో మామూలు కుళాయి నీళ్ళలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి గూడు కట్టుకుంది. తొట్టె పైకి తళతళలాడుతూనే ఉంది, లోపల ఏముందో ఎవరూ విప్పి చూడలేదు.

ఇందులో మనం గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. అక్కడికి వెళ్ళేముందు కాళ్ళ మీద వెంట్రుకలు షేవ్ చేసుకున్న వారికి ఈ పుండ్లు ఎక్కువగా వచ్చాయి. కంటికి కనపడని గీతల్లోంచి క్రిమి లోపలికి వెళ్ళిందన్నమాట. మన పార్లర్లలో వాక్సింగూ, పెడిక్యూరూ కలిపి ఒకే రోజు, ఒకే ధరకి చేస్తామంటారు చూడండి, అది మాత్రం ఒప్పుకోకండి. షేవింగ్ గానీ, వాక్సింగ్ గానీ చేయించుకుంటే పెడిక్యూర్‌కి కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. కాలి మీద దోమకాటు గోకిన పుండు ఉన్నా, చెప్పు కరిచిన బొబ్బ ఉన్నా, అది మానేదాకా ఆగండి. పెళ్ళి ముహూర్తం ఆగదు గానీ పెడిక్యూర్ ఆగుతుంది.

కొన్నాళ్ళ కిందట పెద్ద ఊళ్ళలో చేపల తొట్టెలు కూడా వచ్చాయి. అందులో కాళ్ళు పెడితే చిన్న చేపలు మృతచర్మం తినేస్తాయి. పిల్లలు సరదాపడతారు. కానీ ఆ చేపలని వేడినీళ్ళలో ఉడకబెట్టి శుభ్రం చెయ్యలేం కదా! ఒకరి కాలు కొరికిన చేపే ఇంకొకరి కాలు కొరుకుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వీటిని ఒప్పుకోవడం లేదు కూడా. సరదా కావాలంటే గోదారి ఒడ్డున కూర్చుని కాళ్ళు ఆడించుకోవడం నయం.

పార్లర్లో ఏం చూడాలి, ఏం అడగాలి

మా అమ్మాయి పెళ్ళికి ముందు నేను మా ఊళ్ళో నాలుగు పార్లర్లకి వెళ్ళి చూసొచ్చాను. కూరగాయలు కొనేటప్పుడు బెండకాయ తుంచి చూసే మనం, ఒంటికి సంబంధించిన విషయంలో మొహమాటపడటం దేనికి? రెండింట్లో ప్లాస్టిక్ టబ్బుని ఒక చెంబు నీళ్ళతో తొలిచి తరువాతి మనిషి ముందు పెట్టేస్తున్నారు. ఒక దాంట్లో అందరికీ అదే రాయి. నాలుగోచోట మాత్రం టబ్బులో ప్రతి మనిషికీ కొత్త ప్లాస్టిక్ కవరు పరుస్తున్నారు, కత్తెరలూ కటర్లూ సీలు వేసిన పాకెట్టు మన ఎదురుగా విప్పి తీస్తున్నారు.

ఒకచోట పనిచేసే పిల్లని మెల్లిగా అడిగితే, "ఆంటీ, మీలాగా అడిగేవాళ్ళే లేరు. ఒకటే సెట్టు ఉంది, పెళ్ళిళ్ళ సీజన్లో ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటారు, కడగడానికి తీరికేదీ?" అంది. నిజమే పాపం. రోజంతా నలుగురి కాళ్ళ మురికి నీళ్ళలో చేతులు పెట్టేది ఆ పిల్లే. చేతికి గ్లోవ్స్ కూడా లేవు, వేళ్ళ సందులు పాచిపోయి ఉన్నాయి. మనం అడిగితే యజమానురాలు ఇంకో సెట్టు కొంటుంది, గ్లోవ్స్ కొంటుంది. మన శుభ్రతా, ఆ పిల్ల ఆరోగ్యం రెండూ దాని మీదే ఉన్నాయి.

మీరు వెళ్ళినప్పుడు ఈ విషయాలు గుర్తుపెట్టుకోండి.

పనిముట్లు కడగడం వేరు, క్రిముల్ని చంపడం వేరు. ముందు సబ్బునీళ్ళతో, బ్రష్షుతో రుద్ది మట్టి పోగొట్టాలి. మట్టి ఉండగా మందులో వేస్తే మందు లోపలికి దిగదు. ఆ తర్వాత ఆసుపత్రుల్లో వాడే రకం క్రిమిసంహారక ద్రవంలో, దాని డబ్బా మీద రాసినంత సేపూ పూర్తిగా మునిగి ఉండాలి. మామూలుగా ఇది పది నిమిషాల పని. రెండు చుక్కల యాంటిసెప్టిక్ వేసిన గిన్నెలో ముంచి తీస్తే వాసన వస్తుంది గానీ క్రిములు చావవు.

అన్నిటికంటే నమ్మకమైనది ఆటోక్లేవ్. ఇదేదో బ్రహ్మవిద్య కాదండీ, మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే. ఒత్తిడితో ఆవిరి వేడి 121 డిగ్రీలకి చేరి, పదిహేను ఇరవై నిమిషాలు అలాగే ఉంటే మొండి క్రిములు కూడా చస్తాయి. నీలం లైటు వెలిగే పెట్టె చూపించి "ఇందులో పెట్టామండీ" అంటారు కొందరు. ఆ వెలుతురు పడినచోటే పనిచేస్తుంది, కత్తెర సందుల్లోకి వెళ్ళదు. శుభ్రం చేసిన వస్తువుని దాచుకోవడానికి ఆ పెట్టె పనికొస్తుంది, అంతే.

కాలు రుద్దే రాయి, గోరు అరగదీసే పట్టీ, చెక్కపుల్ల, ఇవి ఎంత కడిగినా శుభ్రం కావు. వాటి నిండా కంటికి కనపడని చిల్లులు. ఇవి ఒకరు వాడినవి ఇంకొకరికి వాడకూడదు. మీవి మీరే ఒక చిన్న సంచిలో పట్టుకెళ్ళడం ఉత్తమం. గోళ్ళ కటరు కూడా పట్టుకెళితే మరీ మంచిది. ఎవరేమనుకుంటారో అనుకోకండి. రక్తం అంటిన పనిముట్టు మీద హెపటైటిస్ బి క్రిమి, అదే కామెర్లు తెచ్చిపెట్టేది, వారం రోజుల దాకా బతికుండగలదు. రక్తం మరక కంటికి కనపడకపోయినా అది ఉండవచ్చు.

బ్లేడుతో మడమ గీయడానికి ఒప్పుకోకండి. గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మాన్ని కత్తిరించనివ్వకండి. అది చూడటానికి అడ్డంగా ఉన్నా, గోటి లోపలికి నీళ్ళూ క్రిములూ పోకుండా ఆపే తలుపు అది. నానాక మెత్తగా వెనక్కి నెడితే చాలు. గోరు మూలల్లోకి పుల్ల పెట్టి తవ్వనివ్వకండి. మీకు చురుక్కుమంటే వెంటనే "ఆపమ్మా" అనండి. డబ్బిచ్చి చేయించుకుంటున్నాం, నొప్పి ఓర్చుకోవాల్సిన పనిలేదు.

ఇంట్లోనే చేసుకుంటే

ఖర్చూ తక్కువ, భయమూ తక్కువ. ఎవరి పనిముట్లు వారివే ఉండాలి. అత్తా కోడళ్ళు కూడా ఒకే రాయి వాడకూడదు. బాత్‌రూమ్ గట్టు మీద ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే రాయి ఉంటే అది రేపే మార్చండి. కాలి గోటికి బూజు పట్టినవారు ఒకరున్నా ఆ రాయి అందరికీ పంచిపెడుతుంది. ఆ గోరు పసుపుపచ్చగా, మందంగా, పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. మందు నెలల తరబడి వాడాలి. కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తగా పెరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది మరి!

శుభ్రమైన టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, కాస్త మెత్తటి సబ్బునీరు కలిపి, పది నిమిషాలు కాళ్ళు పెట్టుకోండి. అంతకు మించి నానితే చర్మం ఇంకా పొడిబారుతుంది. మడమల దగ్గర తడి రాయితో మెల్లిగా, ఒకే వైపుకి రుద్దండి. పోవాల్సింది మట్టీ, మృతచర్మమూ. చర్మం ఎర్రబడేదాకా రుద్దకూడదు. ఒక్క రోజులో నున్నగా చేసేద్దామని చూడకండి, వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా రుద్దితే నెలకి మీకే తేడా తెలుస్తుంది.

గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవాలి. చేతి గోళ్ళలాగా గుండ్రంగా, మూలలు లోతుగా కత్తిరిస్తే గోరు కండలోకి పెరుగుతుంది. కాళ్ళు తుడుచుకునేటప్పుడు వేళ్ళ సందులు విడివిడిగా పొడిగుడ్డతో ఒత్తుకోవాలి. ఒరుపు అక్కడే మొదలవుతుంది. మెట్టెలు ఉన్నవారు వాటిని కాస్త తిప్పి కింద చేరిన పసుపూ, సబ్బూ, తడీ తీసెయ్యండి. మెట్టె కదలకుండా బిగుసుకుపోయిందంటే కంసాలి దగ్గర వదులు చేయించుకోండి. కాలు వాచినరోజున మెట్టె తియ్యడానికి శాస్త్రం ఏమీ అడ్డురాదు.

ఆ తర్వాత తడి పూర్తిగా ఆరకముందే అరికాళ్ళకీ మడమలకీ కొబ్బరినూనె గానీ, వేజలిన్ గానీ రాసి, నూలు సాక్సులు తొడుక్కుని పడుకోండి. వేళ్ళ సందుల్లో మాత్రం నూనె, క్రీము రాయకండి, అక్కడ పొడిగానే ఉండాలి. పగులు లోతుగా ఉండి రక్తం వస్తుంటే ఇంటి వైద్యం ఆపి చర్మవైద్యులకి చూపించండి.

పని అయ్యాక కటరు, కత్తెర సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోండి. రాయిని ఎండలో ఆరనివ్వండి. తడిగా మూల పడేస్తే వారానికి అదే వాసన వేస్తుంది.

షుగర్ ఉన్న ఇంట్లో

ఇది వేరే పద్ధతి. పైన చెప్పిన నానబెట్టడం, రాయితో రుద్దడం వీరికి వద్దు. పార్లర్ పెడిక్యూర్ వద్దే వద్దు. స్పర్శ తగ్గినవారి గోళ్ళు కుటుంబంలో చూపు బాగా ఉన్నవారు ఎవరైనా జాగ్రత్తగా తిన్నగా కత్తిరించాలి. గోరు మందంగా ఉన్నా, లోపలికి పెరిగినా డాక్టరు చేతే చేయించాలి.

ఆనెకాయలకి మందుల షాపులో ప్లాస్టర్లు అమ్ముతారు. వాటిలో చర్మాన్ని కరిగించే ఆమ్లం ఉంటుంది. షుగర్ ఉన్నవారి కాలికి అది ఆనెతో పాటు మంచి చర్మాన్నీ తినేస్తుంది. బ్లేడుతో ఆనె కోసుకోవడం కూడా అంతే ప్రమాదం.

రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ దీపం వెలుతుర్లో చూడాలి. పైన, అడుగున, వేళ్ళ సందుల్లో. వంగలేని పెద్దవారైతే కింద అద్దం పెట్టి చూసుకోవచ్చు. అన్నిటికంటే మంచిది ఇంట్లో ఒకరు చూడటం. మనవలకి చెబితే సెల్‌ఫోన్ లైటు వేసి మరీ చూస్తారు. ఎరుపు, బొబ్బ, పగులు, తడి, ఒకచోట మాత్రమే వేడి, మేజోడుకి మరక, ఏది కనపడినా లెక్కలోకి తీసుకోవాలి.

స్నానం నీళ్ళ వేడి కాలితో చూడకూడదు, మోచేత్తో చూడాలి. కాళ్ళు చల్లబడ్డాయని వేడినీళ్ళ సంచి పెట్టకూడదు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవాలి. "వంటింట్లోకి చెప్పులా!" అనే అత్తగార్లున్న ఇల్లయితే, ఆ వంటింటికే విడిగా ఒక జత కొని పెట్టండి, మడిదోషం కూడా ఉండదు. బయటికి వెళ్ళేముందు చెప్పులో చెయ్యి పెట్టి రాయీ, మేకూ ఏమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. కొత్త చెప్పులు సాయంత్రం పూట కొనండి, పగలంతా నడిచిన కాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది.

గుడికి వెళ్ళినప్పుడు మరీ జాగ్రత్త. చెప్పులు విడిచి ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బండల మీద ప్రదక్షిణ చేస్తే మామూలు వారికే అరికాళ్ళు మండిపోతాయి. స్పర్శ లేనివారికి మంట కూడా తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బ కనపడుతుంది. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ వెళ్ళండి, మందపాటి నూలు సాక్సులు వేసుకోండి. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు. నడిచి వస్తానని మొక్కుకున్న షుగర్ మనిషి ఎవరైనా ఉంటే, ముందు డాక్టరుకి కాళ్ళు చూపించి అడగమనండి. బస్సులో వచ్చిన భక్తుణ్ణి స్వామి వెనక్కి పంపడు.

ఏడాదికోసారి కాళ్ళ పరీక్ష తప్పకుండా చేయించండి. సన్నటి నైలాను దారంతో అరికాలిని అక్కడక్కడా తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. పాదం మీద నాడి చూస్తారు. ఐదు నిమిషాల పని, నొప్పి ఉండదు. షుగర్ కోసం వెళ్ళినప్పుడు డాక్టరు చూడకపోతే మనమే చెప్పులు విడిచి, "కాళ్ళు కూడా చూడండి సార్" అనాలి.

ఎప్పుడు ఆగకూడదు

ఆరోగ్యవంతులకి గోరుచుట్టు వస్తే గోరువెచ్చని ఉప్పునీటి కాపడంతో రెండు రోజులు చూడవచ్చు. తగ్గకపోయినా, చీము పట్టినా డాక్టరు దగ్గరకి వెళ్ళాలి. షుగర్ ఉన్నవారు మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు, నొప్పి లేదని అసలు ఆగకూడదు. కాలు ఎర్రబడి ఆ ఎరుపు పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా, చెడు వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చల్లబడినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్ళాలి. పుండు మీద సున్నం, పసుపు, కాఫీపొడి ఏమీ మెత్తకండి. శుభ్రమైన నీటితో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి తీసుకెళ్ళండి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్ళయిందో కూడా డాక్టరుకి చెప్పండి.

మన ఆడవాళ్ళకి ఇంకో అలవాటుంది. డాక్టరు ముందు కాలు చూపించాలంటే సిగ్గు. "ఇంత పగిలిన కాలు ఆయన ముందు ఎలా పెట్టనూ?" అని చీరకుచ్చిళ్ళ వెనక దాచుకుంటాం. పెద్దవారి ఎదుట కాలు చాపకూడదని చిన్నప్పుడు నేర్పినది మరీ ఆసుపత్రి దాకా తెచ్చుకుంటాం. అక్కడ ఆ మర్యాద వద్దండీ. కాలు చాపి చూపించండి.

ఇంట్లో మీ అమ్మో, అత్తగారో, ఆడపడుచో ఉంటే, ఈ రాత్రి గిన్నెలు సర్దేశాక వారి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. దీపం దగ్గర పెట్టుకుని వేళ్ళ సందులు విడదీసి చూడండి. వద్దు వద్దంటారు, అయినా చూడండి. ఆ తర్వాత మీ కాళ్ళు కూడా చూసుకోండి. పది నిమిషాల కంటే ఎక్కువ పట్టదు.